తండాకు గ్రామసభ.. కాలనీకి ఏ సభ?

నగరపాలక ఎన్నికలు జరిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న తప్పకుండా చర్చకు వస్తుంది: పట్నంవాళ్లు ఓటెందుకు వేయరు? 2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో పోలింగ్ 46 శాతం దాటి 47లోపే ఆగింది. 2016లో 45 శాతం. అదే తెలంగాణలో పంచాయతీ ఎన్నికలంటే పోలింగ్ ఎనభై శాతం దాటడం మామూలు. ఈ తేడాకు చదువుకున్నవారి నిర్లక్ష్యమే కారణమని తేల్చేయడం అలవాటైపోయింది. కొంతమేర అది నిజం కావచ్చు. ఓటు సొంతూళ్లోనే ఉంచుకున్న వేల కుటుంబాలు నగరంలో ఉండటమూ మరో కారణం. కానీ అసలు సంగతి వేరే ఉంది. పల్లెలో ఓటు వేసిన మనిషికి తన వీధి గురించి, తన ఊరి బావి గురించి నిలదీయడానికి చట్టం ఒక సభను ఇచ్చింది. పట్నంలో ఓటేసినవారికి పోలింగ్ మర్నాటి నుంచి అయిదేళ్లదాకా అలాంటి వేదిక ఒక్కటీ లేదు. కాలనీ, బస్తీ, పేట, వాడ... పేరేదైనా, నగరజీవి నిజంగా బతికేది ఆ నాలుగు వీధుల్లోనే. మన పురపాలక వ్యవస్థలో అధికారమూ గుర్తింపూ లేనిది సరిగ్గా ఆ నాలుగు వీధులకే.

ఒక సాధారణ కాలనీ వీధినే తీసుకుందాం. కొత్తగా వేసిన సీసీ రోడ్డును నెల తిరక్కముందే నల్లా పైపు కోసం తవ్వుతారు. తవ్విన చోట మట్టి కప్పి వెళ్లిపోతారు. రెండు వానలకు అది కుంగి, స్కూటరు చక్రం దిగబడేంత గొయ్యి అవుతుంది. ఎవరికి చెప్పాలి? హైదరాబాద్‌లో రోడ్డు నగరపాలక సంస్థది. దాని కింద పైపూ, మధ్యలో మ్యాన్‌హోలూ 1989లో ఏర్పాటైన జలమండలివి. పక్కకు ఒరిగిన స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది, ఆ స్తంభానికి వేలాడే దీపం మళ్లీ నగరపాలక సంస్థది. వీధి మొదట్లో అడ్డదిడ్డంగా నిలిపే బండ్ల సంగతి ట్రాఫిక్ పోలీసులది. గొయ్యి ఒకటే, గడపలు నాలుగు. ఆ నాలుగు గడపల అధికారులూ ఒకేచోట కూర్చుని ఆ వీధివాళ్లకు సమాధానం చెప్పాల్సిన రోజంటూ క్యాలెండర్లో లేదు. ఫిర్యాదుకు యాప్ ఉంది, కాల్ సెంటర్ ఉంది, కార్పొరేటర్ ఇంటి ముందు వరండా ఉంది. ఇవన్నీ మనిషిని ఒంటరి అర్జీదారుగా నిలబెట్టేవే. పదిమంది కలిసి 'మా వీధికి ముందు ఏది కావాలి' అని తేల్చుకునే చోటు వీటిలో ఏదీ కాదు.

పల్లెతో పోల్చి చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ స్థానం కల్పించింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం మరో అడుగు వేసి, అయిదొందల జనాభా ఉన్న తండాలనూ గూడేలనూ పంచాయతీలు చేసింది. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య పన్నెండు వేలు దాటింది. అది మంచి నిర్ణయం. మరి నగరం మాటేమిటి? 2011 జనగణన ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు, అప్పటి వార్డులు 150. అంటే సగటున ఒక్కో కార్పొరేటర్ వెనుక 45 వేలమంది. అయిదొందల మందికి సర్పంచి, సభ, లెక్కల పుస్తకం ఉన్న రాష్ట్రంలోనే అయిదువేల మంది ఉన్న కాలనీకి ఏమీ లేదు. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ స్థానిక సంస్థలను విలీనం చేసి వార్డులను 300కు పెంచారు. వార్డు చిన్నదైతే కొంత మేలే. కానీ అదే విలీనంతో, నిన్నటిదాకా సొంత పురపాలిక ఉన్న ఊళ్లు మహానగరంలో అంచు కాలనీలయ్యాయి. పాలన పెద్దదయ్యే కొద్దీ కింద ఒక మెట్టు కొత్తగా కట్టాలి. ఆ మెట్టు ఊసు విలీనం చర్చలో వినపడనే లేదు.

చట్టాలు రాసినవారికి ఈ సంగతి తెలియదనుకోలేం. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ, మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. అయితే ఒక కమిటీ కిందికి ఒకటికంటే ఎక్కువ వార్డులను తేవచ్చని వెసులుబాటు ఇచ్చి, మిగతాదంతా రాష్ట్రాలకే వదిలేసింది. గ్రామసభకు సాటి వచ్చే పౌరసభ మాట అందులో లేదు. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం ఆ ఖాళీని పూరించబోయింది. కేంద్ర నిధులు కావాలంటే ప్రజా భాగస్వామ్య చట్టం చేయాలని, ఒకటి లేదా కొన్ని పోలింగ్ కేంద్రాల పరిధికి ఒక ఏరియా సభ ఉండాలని షరతు పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో పురపాలక చట్టాలను సవరించింది కూడా. చట్టమైతే వచ్చింది కానీ, అందులో ప్రతినిధులు నామినేషన్ మీద వచ్చేవారే. నామినేషన్ అన్నాక ఎవరి మనిషి అన్న లెక్కే ముందుకొచ్చింది. సభ నడిచిందా లేదా అన్నది ఎవరూ పట్టించుకోలేదు. తెలంగాణ 2019 పురపాలక చట్టం యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖుల పేరిట వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది. నామినేషన్ పద్ధతి అక్కడా మారలేదు. 2023 జూన్‌లో హైదరాబాద్‌లో వార్డు కార్యాలయాలు తెరిచి వివిధ విభాగాల సిబ్బందిని ఒక కప్పు కిందికి తేవడం సరైన ఆలోచన. కానీ కార్యాలయం సేవ అందించే చోటు మాత్రమే. నిర్ణయించే హక్కు జనానిది కానంతవరకూ అక్కడికి వెళ్లేవాడు అర్జీదారే.

ఇంతకీ నాలుగు వీధుల ఇరుగుపొరుగుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వాలా, నగర స్థాయిలో మంచి అధికారులుంటే చాలదా అని అడిగేవారు ఉంటారు. దీనికి ప్రపంచం చూసిన జవాబులు స్పష్టంగా ఉన్నాయి. 1995 జులైలో అమెరికాలోని షికాగోను వడగాడ్పు కమ్మేసింది. మామూలుకంటే అదనంగా 739 మంది చనిపోయారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న రెండు పేద ప్రాంతాలను పోల్చి చూశాడు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండింటిలోనూ పేదరికం, ఒంటరిగా ఉండే వృద్ధుల నిష్పత్తి దాదాపు సమానం. మరణాల రేటు మాత్రం మొదటిదానిలో పది రెట్లు. దుకాణాలు మూతపడి, వీధులు ఖాళీ అయిన చోట ముసలివాళ్లు తలుపులు బిగించుకుని లోపలే ఉడికిపోయారు. జనసంచారం, అంగళ్లు, పలకరింపులు ఉన్న చోట బయటికొచ్చి బతికారు. అదే ఏడాది జనవరిలో జపాన్‌లోని కోబె భూకంపం ఆరువేల మందికి పైగా బలిగొంది. శిథిలాల కింద చిక్కినవారిలో అత్యధికులను బయటికి లాగింది ఇంటివాళ్లూ పొరుగువాళ్లే. ఏళ్లుగా కలిసి పనిచేసిన అలవాటున్న మానో ప్రాంతంలో వాసులే చేయీచేయీ కలిపి మంటలను అడ్డుకున్నారు. షికాగోలోని 343 ఇరుగుపొరుగు ప్రాంతాలపై సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం, పరస్పర నమ్మకమూ జోక్యం చేసుకునే చొరవా ఉన్న చోట హింస తక్కువని తేల్చింది.

మన దగ్గరి ఉదాహరణకు 2020 అక్టోబరు వరదలు చాలు. ఆ నెలలో కురిసిన వానలకు హైదరాబాద్‌లో చెరువుల వెంబడి, నాలాల వెంబడి ఉన్న కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ అంచు కాలనీల్లోకి నీరు పోటెత్తింది. ఏ వీధి పల్లం, ఏ ఇంటి నేలఅంతస్తులో మంచం పట్టిన పెద్దావిడ ఉంది, ఏ నాలాలో మట్టి పేరుకుంది అన్నవి అక్కడివాళ్లకు బాగా తెలిసిన సంగతులు. ఆ తెలివిడి వరదకు ముందు ఏ ప్రభుత్వ దస్త్రంలోకీ ఎక్కలేదు. ఎక్కించే మార్గమే లేదు మరి. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేసి, ఇరుకు వాడల స్థానంలో గాలీ వెలుతురూ ఉండే ఇళ్ల సముదాయాలు కట్టించింది. విపత్తు నుంచి పాఠం నేర్చి వాడను తిరిగి తీర్చిదిద్దిన అనుభవం ఈ నగరానికి ఉందన్నమాట. ఆనాడు ఆ పని పైనుంచి జరిగింది. ఇవాళ కింది నుంచి జరగాలి.

కాలనీ సంక్షేమ సంఘాలు ఉన్నాయి కదా, వాటికే అధికారాలిస్తే సరిపోదా అన్నది తరచూ వినిపించే వాదన. ఈ సంఘాలు చేసిన మేలు తక్కువది కాదు. లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకు వదిలిన పది శాతం స్థలం కబ్జాదారుల పాలుకాకుండా అనేకచోట్ల కోర్టుల చుట్టూ తిరిగి కాపాడింది వీరే. 2024 జులైలో ఆక్రమణలను తొలగించే సంస్థగా హైడ్రా ఏర్పడ్డాక పార్కుల కబ్జాలపై కాగితాలు పట్టుకుని ముందుకొచ్చినవారిలోనూ వీరున్నారు. తమ సమయం, తమ డబ్బు పెట్టి చేసిన ఈ సేవను గౌరవించాలి. కానీ సంఘం సొసైటీల చట్టం కింద నమోదైన ప్రైవేటు సంస్థ. చాలాచోట్ల సభ్యత్వం ప్లాటు యజమానిదే. అదే వీధిలో పదేళ్లుగా అద్దెకుంటున్న కుటుంబం, పై అంతస్తు గదిలో ఉండే నర్సు, కాలనీ మూల ఇస్త్రీ బండి పెట్టుకుని అక్కడే పిల్లల్ని పెంచుతున్న దంపతులు, గోడకు ఆవల బస్తీలో ఉంటూ ఈ ఇళ్లలోనే పనిచేసే ఆడవాళ్లు... వీరెవరికీ అందులో ఓటుండదు. గేటు ఎప్పుడు మూయాలి, కూరగాయల బండి లోపలికి రావచ్చా లేదా, ఎవరికి ఇల్లు అద్దెకివ్వాలి అన్న నిర్ణయాలు మాత్రం వీరి బతుకుల మీదే పడతాయి. ప్రజాధనంతో వేసిన రోడ్డు మీద అధికారం ఆస్తిపత్రం ఉన్నవారికే దక్కితే, ఆస్తి ఉన్నవారికే ఓటు అన్న పాత రోజుల్లోకి మళ్లీ వెళ్లినట్లే. 2000లో ఢిల్లీ ప్రభుత్వం మొదలుపెట్టిన 'భాగీదారీ' ఎదుర్కొన్న ప్రధాన విమర్శ ఇదే. అది అధికారిక కాలనీల సంఘాలతో కూర్చుని మాట్లాడింది. నగరంలో పెద్ద భాగమైన అనధికార కాలనీలూ, మురికివాడలూ బల్లకు ఆవలే ఉండిపోయాయి.

ఇరుగుపొరుగు సంఘాలకు ఎంత పాత చరిత్ర ఉన్నా, వాటిని ప్రజాస్వామ్య కట్టుబాట్లలో ఉంచకపోతే ఏమవుతుందో జపాన్ చరిత్ర చెబుతుంది. అక్కడ దాదాపు మూడు లక్షల ఇరుగుపొరుగు సంఘాలు ఉన్నాయి. వీధి ఊడవడం నుంచి పండుగలు, విపత్తు కసరత్తుల దాకా అవే చూస్తాయి. ఇవే సంఘాలను 1940లో జపాన్ హోంశాఖ ప్రభుత్వ యంత్రాంగంలో భాగం చేసింది. యుద్ధకాలంలో రేషన్ పంపిణీకీ, పొరుగువాడిపై నిఘాకూ అవి సాధనాలయ్యాయి. అందుకే ఓటమి తర్వాత 1947లో మిత్రరాజ్యాల ఆక్రమణ పాలన వాటిని రద్దు చేసింది. తర్వాత అవి స్వచ్ఛందంగా మళ్లీ పుట్టుకొచ్చాయి. ఉమ్మడి ఆస్తులు సంఘం పేరిట ఉంచుకునే హక్కు 1991లో చట్టపరంగా దక్కింది. ఫిలిప్పీన్స్‌ది మరో దారి. అక్కడ 42 వేలకు పైగా ఉన్న బరంగేలు రాజ్యాంగం గుర్తించిన అట్టడుగు ప్రభుత్వాలు. నగరమైనా పల్లెయినా ప్రతి బరంగేకూ ఎన్నికైన పెద్ద, ఏడుగురు సభ్యుల మండలి, యువజన మండలి ఉంటాయి. 1991 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం స్థానిక సంస్థలకు వచ్చే జాతీయ పన్ను వాటాలో 20 శాతం వాటిదే. ఏడాదికి కనీసం రెండుసార్లు వాసుల సభ జరపాలి. చిన్న తగాదాలు కోర్టుకెక్కే ముందు రాజీకి అక్కడికే రావాలి. దీనికీ చీకటి కోణం ఉంది. 2016 తర్వాత మాదకద్రవ్యాలపై పోరు పేరిట సాగిన హత్యాకాండలో అనుమానితుల జాబితాలు అందించింది చాలాచోట్ల బరంగే అధికారులే. రెండు దేశాల నుంచీ మనం నేర్వాల్సిన పాఠం ఒక్కటే. వాడకు నిధి, సభ, గుర్తింపు ఇవ్వాలి. పొరుగువాడి మీద కన్నేసే అధికారం మాత్రం ఎన్నడూ ఇవ్వకూడదు.

పరాయి నమూనాల కోసమే వెతకనక్కర్లేదు. 1967లోనే హైదరాబాద్ నగరపాలక సంస్థలో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమం మొదలైంది. బస్తీవాళ్లతో సంఘాలు కట్టించి, వారికి ఏం కావాలో వారినే తేల్చమని, ఖర్చులోనో శ్రమలోనో వారి పాలూ కలిపి, బాలవాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు, ఇళ్లు సాధించిన ఆ ప్రయోగం దేశ విదేశాల దృష్టిని ఆకర్షించింది. యూనిసెఫ్ తోడ్పడింది. ఆ తర్వాత బ్రిటన్ సాయంతో మురికివాడల అభివృద్ధి హైదరాబాద్ నుంచి విశాఖపట్నం, విజయవాడల దాకా సాగింది. 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ద్వారా పట్టణ పేద మహిళల పొదుపు సంఘాలు వాడవాడలా సమాఖ్యలుగా ఎదిగాయి. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ, ఖర్చయిన ప్రతి రూపాయినీ ఊరి మధ్య చదివి వినిపించే పద్ధతిని ప్రభుత్వమే అమలుచేయగలదని చూపింది. చదువు లేని కూలీ లేచి 'ఆ పనికి నేను పోలేదు, నా పేరెట్లా వచ్చింది' అని నిలదీసిన సభలవి. అదే పరీక్ష పట్నంలో సీసీ రోడ్డుకూ, నాలా పూడికతీతకూ పెట్టలేమా? కేరళ చిన్న పట్టణాల్లో వార్డు ఓటర్లందరి సభను చట్టబద్ధం చేసింది. తమిళనాడు 2022లో వార్డు కమిటీలు, ఏరియా సభలకు నిబంధనలు తెచ్చింది. దారి చూపడంలో ముందున్న తెలుగు నేల నడకలో వెనకబడటానికి కారణం లేదు.

చేయాల్సింది అయిదు ముక్కల్లో చెప్పవచ్చు. మొదటిది, రెండు మూడు వేల జనాభాకు ఒక ఏరియా సభ. దాని హద్దు కాలనీ గోడ వెంబడి గీయకూడదు. కాలనీనీ, దానికి ఆనుకున్న బస్తీనీ ఒకే సభలో కలపాలి. రెండోది, సభ్యత్వం నివాసానికి, ఆస్తికి కాదు. ఓటు సొంతూళ్లో ఉన్నా, ఇక్కడ ఆర్నెల్లుగా అద్దెకుంటున్న వయోజనులందరికీ మాట్లాడే, చేయెత్తే హక్కు ఉండాలి. మూడోది, సభ ప్రతినిధిని వాసులే ఎన్నుకోవాలి, నామినేషన్ పనికిరాదు. మూడు నెలలకోసారి సభ జరగాలి, నాలుగు విభాగాల అధికారులూ అక్కడ హాజరు కావాలి. నాలుగోది, చిన్నదైనా కచ్చితమైన నిధి. అది వసూలైన ఆస్తిపన్నును బట్టి కాక జనాభాను బట్టి రావాలి, లేకుంటే సంపన్న కాలనీలకే మళ్లీ పెద్దపీట. వాసులు శ్రమో సామగ్రో జతచేస్తే నగరం అంతే మొత్తం కలిపే పద్ధతి అమెరికాలోని సియాటిల్ నగరంలో 1988 నుంచి నడుస్తోంది. దాన్నీ తోడు చేసుకోవచ్చు. అయిదోది, ఆ పరిధిలో జరిగిన పని సంతృప్తికరంగా ఉందని సభ ఆమోదిస్తేనే గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించాలి. ఈ ఒక్క నిబంధన పెట్టి చూడండి, రోడ్డు వేసిన నెలకే తవ్వే అలవాటు ఎంత తగ్గుతుందో.

దీనిపై అభ్యంతరాలు వస్తాయి. సభలను పార్టీలు ఆక్రమిస్తాయన్నది ఒకటి. నిజమే, ఆక్రమించడానికి ప్రయత్నిస్తాయి. కానీ ఇప్పుడు నామినేషన్లతో జరిగేదీ అదే, పైగా గుట్టుగా జరుగుతుంది. వీధివాళ్ల ముందు చర్చించి, చేతులెత్తించి తీసుకునే నిర్ణయంలో కనీసం ఎవరు ఏమన్నారో అందరికీ తెలుస్తుంది. కార్పొరేటర్ల ప్రాధాన్యం తగ్గుతుందన్నది రెండోది. సర్పంచి గ్రామసభతో బలహీనపడలేదు. పదిహేను సభల తీర్మానాలు వెంట ఉన్న కార్పొరేటర్ కమిషనర్ ముందు ఇంకా గట్టిగానే మాట్లాడగలడు. జనానికి తీరికెక్కడిదన్నది మూడోది. తీరిక లేదన్నది పూర్తి నిజం కాదు. గణపతి మండపాన్నీ, బతుకమ్మనూ, బోనాలనూ ఏటా నడిపిస్తున్నది ఈ వీధుల జనమే. ఫలితం కళ్లకు కనబడే చోటికి జనం వస్తారు. అన్నిటికంటే బరువైన అభ్యంతరం నాలుగోది: అధిక సంఖ్యాకులు కలిసి కులం, మతం, తిండి పేరిట కొందరిని వెలివేస్తే? ఈ భయం నిరాధారం కాదు. అందుకే సభ పరిధి చట్టంలోనే గీయాలి. పనుల వరస, నాణ్యత, పార్కు, కమ్యూనిటీ హాలు, విపత్తు సన్నద్ధత, ఒంటరి వృద్ధుల బాగోగులు సభవి. ఎవరు అద్దెకుండాలి, ఎవరు బండి పెట్టుకోవాలి, ఎవరు ఏం తినాలి అన్నవి సభ ముందుకే రాకూడదు. వచ్చిన తీర్మానం చెల్లదని చట్టమే చెప్పాలి. వెలి ఇప్పుడు కూడా ఉంది, ఏ నియమానికీ దొరకకుండా మాటల్లో, గేట్ల దగ్గర, టూలెట్ బోర్డుల వెనుక సాగుతోంది. అది చట్టం వెలుగులోకి వస్తే ప్రశ్నించే వీలైనా దక్కుతుంది.

ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 2న సుమారు నాలుగువేల జనాభాకు ఒకటి చొప్పున వార్డు సచివాలయాలు ప్రారంభించింది. ఇంత చిన్న పరిధికి ప్రభుత్వ ఉద్యోగులను చేర్చడం ఏ పెద్ద రాష్ట్రంలోనైనా చెప్పుకోదగ్గ విషయం. వాటికి అనుబంధంగా పెట్టిన వలంటీర్ల వ్యవస్థ మాత్రం 2024లో ప్రభుత్వం మారాక కొనసాగలేదు. పైనుంచి నియమించిన వ్యవస్థ పైన మారగానే కూలుతుంది. కింద ఎన్నికైన సభకు చట్టం అండ ఉంటే ప్రభుత్వాలు మారినా నిలుస్తుంది. భవనమూ, సిబ్బందీ ఇప్పటికే ఉన్న అక్కడ కావాల్సింది ఆ సచివాలయం ముందు వాసుల సభ ఒక్కటే. తెలంగాణలో విస్తరించిన మహానగరానికి కొత్త నియమాలు రాసుకునే అవకాశం ఇప్పుడే ఉంది. రెండు శాసనసభలూ పురపాలక చట్టాలకు చెరొక సవరణ చేసి, నామినేషన్ మాట తీసేసి, సభ తేదీలనూ నిధినీ అందులోనే రాయాలి. పట్నంవాళ్లు ఓటెందుకు వేయరని అడిగే హక్కు, వారి వీధి మీద వారికి ఒక మాట దక్కేలా చేసిన ప్రభుత్వానికే ఉంటుంది.